రిబ్బను కట్టిన బోను

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది నానమ్మ జేజేమా, నాన్న, అమ్మ, అన్నయ్య బల్లభ, రజ పండగకి కటక్ నుంచి వచ్చి ఇంకా తిరిగి వెళ్లని పిన్ని, పిన్ని కూతురు లిపి, ఝిలి, ఒక పిల్లిపిల్ల. ఎండ పెరట్లో మునగచెట్టు దాకా వచ్చేసరికి ఇంట్లో మిగిలింది చివరి రెండు ప్రాణాలే.

మిగతావాళ్లు కాలిజాయి గుడికి వెళ్లారు. చిలికా సరస్సు మధ్యలో దీవి మీద ఉన్న ఆ గుడికి పడవలో పోయి, కొబ్బరికాయ కొట్టి, కట్టుకెళ్లిన అటుకులూ బెల్లమూ అక్కడే తిని, పొద్దు వాలక ముందే రావాలని నాలుగు రోజుల కిందటే అనుకున్నారు. నాన్న పక్కింటివాళ్ల పెద్ద పడవ అడిగి తెచ్చాడు. అన్నయ్య ఒక్కడే గుడికి పోలేదు. తెల్లవారుజామున తీసిన రొయ్యల్ని సైకిలు మీద వేసుకుని బాలుగావ్ వెళ్లాడు.

ఝిలి కూడా వెళ్లాల్సిందే. నీలం చుడీదార్ మడతపెట్టి తలగడ కింద పెట్టుకుంది కూడా. ముందురోజు సాయంత్రం జేజేమా ఆమె నడక చూసి, దగ్గరికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "ఏమే, అయ్యావా?" అంది. ఝిలి తలూపింది. అంతే. చుడీదార్ పెట్టెలోకి పోయింది, ఝిలి పెరటి వసారా చివర ఉన్న పిడకల గదిలోకి పోయింది. ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు. మూడు రోజులు వంటింటి గడప తొక్కకూడదు, ఊరగాయ జాడీల నీడకి కూడా పోకూడదు. చేపలు పట్టే ఇల్లు కాబట్టి వీటన్నిటికంటే గట్టిది ఇంకొకటి ఉంది. వల ముట్టకూడదు, పడవ ముట్టకూడదు, రొయ్యల బోను అసలు ముట్టకూడదు. ముడితే రొయ్య ఎక్కదంటారు. ఒక్కటి ముట్టినా బోన్లన్నిటినీ పసుపు నీళ్లతో కడిగి, దీపం చూపించి, ఆ పూటకి వేట మానుకోవాలి.

రజ పండగ మూడు రోజులూ భూమికి ముట్టు అని చెప్పి నాగళ్లు ఆపేసి, ఆడపిల్లలకి కొత్త బట్టలిచ్చి, కాళ్లకి పారాణి పెట్టి ఉయ్యాల ఊపిన ఇల్లే ఇది. ఆ ఉయ్యాల తాడు మామిడికొమ్మకి ఇంకా వేలాడుతూనే ఉంది. వారం తిరగకుండా ఝిలికి పిడకల గది. ఈ రెండూ ఎలా పొసగుతాయో జేజేమాని అడగాలని ఆమెకి చాలాసార్లు అనిపించింది. అడగడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

అయినా ఆ పొద్దున ఝిలికి గుడి తప్పిపోయినందుకు అంత బాధ లేదు. పిల్లిపిల్ల తన దగ్గరుంటుంది. పిల్లికి అంటూ సొంటూ లేదు. అది బిడ్డల్ని కాచే సాఠీ అమ్మవారి వాహనం, ముట్టయిన మనిషి ఒళ్లో కూర్చుని లేచినా దానికి మైల లేదని జేజేమా చెప్పింది. అందుకే దాన్ని ఝిలికి అప్పగించారు. పొద్దున్నించి పొద్దుగూకే దాకా అది తనది, తన ఒక్కదానిది. పడవ ఎప్పుడు కదులుతుందా అని ఝిలి లోపల్లోపల ఎదురుచూసింది.

బయల్దేరే ముందు లిపి పెరట్లోకి వచ్చింది. స్నానం చేసి గుడికి పోతోంది కదా, ఝిలికి తగలకుండా దూరంగా వంగి పిల్లిపిల్లని చాప చివర దించింది.

"పాలల్లో నీళ్లు కలుపు. చిక్కటివి పోస్తే దీని కడుపు పాడవుతుంది. బయట వదలకు, గద్దలున్నాయి. నిద్రొస్తే దీనికి నా చున్నీ ఉండాలి, అదిగో అక్కడ పెట్టా. అది లేకపోతే పడుకోదు. వింటున్నావా?"

ఝిలి తలూపింది.

"తలూపడం కాదే, నోటితో చెప్పు. నీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుంటుంది."

"వింటున్నా."

"స్వీటీకి ఏమన్నా అయిందో, నిన్ను చంపేస్తా," అని లిపి నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్టకి జేజేమా ఈ పది రోజుల్లో నాలుగుసార్లు దిష్టి తీసింది. ఝిలి పుట్టి పద్నాలుగేళ్లు. తనకి ఎన్నిసార్లు తీసిందో ఆమెకి గుర్తులేదు.

స్వీటీ అన్న పేరు వింటేనే ఝిలికి ఒళ్లు మండుతుంది. దాని పేరు చూనా. చూనా అంటే సున్నం. పండక్కి పదిహేను రోజుల ముందు పాత వలల కుప్ప కింద అది దొరికినప్పుడు సున్నపు డబ్బాలో పడి లేచినట్టుంది. తల్లిని కుక్కలు చంపేశాయి. కళ్లు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. ఝిలి గుడ్డ వత్తిని పాలల్లో ముంచి నోటికి అందిస్తే చీకింది. పదకొండు రోజులు అలా పాలు పట్టింది. బడి నుంచి పరుగున వచ్చి పట్టింది, తన గ్లాసులో పాలు సగం మిగిల్చి పట్టింది. రెండోవారంలో అది ఆమె చేతివేళ్లని గుర్తుపట్టి గుర్రుమనడం మొదలుపెట్టింది. చూనా అని మాత్రం ఆమె గట్టిగా ఎప్పుడూ పిలవలేదు. నలుగురిలో పిల్లిని పేరు పెట్టి పిలవాలంటే సిగ్గు. అందుకని దానికి ఒక పేరుందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అది ఝిలిదన్న సంగతి కూడా ఎవరికీ పట్టలేదు. ఇంట్లో ఒక పిల్లిపిల్ల తిరుగుతోంది, అంతే.

తరవాత లిపి వచ్చింది. పాలబిస్కెట్లు వచ్చాయి, మెత్తటి గులాబీరంగు చున్నీ వచ్చింది, రోజంతా ఆగని మాటలు వచ్చాయి. రెండు రోజుల్లో చూనా స్వీటీ అయింది. లిపి కూర్చుంటే ఒళ్లోకి ఎక్కేది, లిపి లేస్తే వెనకాలే నడిచేది. ఒకసారి ఝిలి గుడ్డ వత్తి పట్టుకుని కూర్చుంటే, అది ఆమె మోకాలు మీదుగా దూకి లిపి దగ్గరికి పోయింది. ఆ మధ్యాహ్నం ఝిలికి అన్నం దిగలేదు. ఎందుకు తినలేదని అమ్మ అడిగితే తలనొప్పి అంది.

మూడు రోజుల కిందట పిన్ని, "ఇదెట్లాగూ లిపిని వదిలేలా లేదు, కటక్ తీసుకుపోతాంలే," అంది. సాఠీ వాహనం ఆడపిల్ల వెంట పోతే మంచిదేనని జేజేమా అంది. నాన్న సరేనన్నాడు. ఝిలి అక్కడే కూర్చుని ఎండుచేపల్లోంచి రాళ్లు ఏరుతోంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఆమె కూడా తల ఎత్తలేదు. ఎల్లుండి పొద్దున బస్సు.

కాబట్టి ఈ ఒక్క రోజు. పడవ ఇంజను చప్పుడు దూరమయ్యాక ఝిలి చుట్టూ చూసి, ఎవరూ లేరని తెలిసి కూడా గొంతు తగ్గించి, "చూనా," అని పిలిచింది.

అది పలకలేదు. తోక పైకెత్తి ఇంట్లోకి పోయే తలుపు దగ్గరికి నడిచింది. అమ్మ ఆ తలుపుకి అవతల తాళం వేసి వెళ్లింది. ఝిలికి లోపల పనిలేదు కదా. పిల్లిపిల్ల తాళం వేసిన తలుపు ముందు కూర్చుని అరవసాగింది. సన్నటి అరుపు, సూదితో పొడిచినట్టు. ఝిలి కొబ్బరిచిప్పలో పాలు పోసింది, నీళ్లు కలిపింది. ముట్టలేదు. నీళ్లలో నానిన తన పఖాళన్నంలోంచి ఎండుచేప తునక తీసి వేసింది. వాసన చూసి మళ్లీ తలుపు దగ్గరికే పోయింది. ఝిలి దాన్ని ఎత్తుకొచ్చి ఒళ్లో పెట్టుకుంది. గోళ్లతో గీరి దిగిపోయింది. చివరికి దానంతట అదే చాప చివరికి వచ్చి, గులాబీరంగు చున్నీ మీద మూడుసార్లు గుండ్రంగా తిరిగి, ముక్కు అందులో దూర్చి, అప్పుడు గుర్రుమంది.

ఆ గుర్రు తన వేళ్లకి పుట్టిన గుర్రు. ఇప్పుడు ఎవరిదో గుడ్డకి వినిపిస్తోంది. ఝిలి కాసేపు చూసింది. తరవాత దాని కిందనుంచి చున్నీ మెల్లగా లాగి, మడిచి, పిడకల వెనక దాచేసింది. మేలుకున్న పిల్లిపిల్ల ఖాళీ చాపని మూడుసార్లు పాదంతో తడిమి ఝిలి మొహంలోకి చూసింది.

పదకొండు గంటలప్పుడు దాన్ని మరిపిద్దామని పెరట్లోకి తెచ్చింది. ఉయ్యాల తాడు చివర పట్టుకుని ఊపితే అది ఎగిరి పంజా విసిరింది. ఒకసారి, రెండుసార్లు. తాడు కోసమైనా సరే, అది తనతో ఆడుతోందని ఝిలికి మనసు తేలికపడింది. అంతలో నేల మీద నీడ ఒకటి జారింది. చేపలు ఎండబెట్టే ఊళ్లో పుట్టిన పిల్లకి ఆ నీడ ఏమిటో తల ఎత్తి చూడనక్కర్లేదు. ఝిలి పిల్లిపిల్ల మీద పడి కప్పేసింది. రెక్కల గాలి మెడకి కొట్టింది. గద్ద మునగచెట్టు మీద వాలి, వీళ్లనే చూస్తూ కూర్చుంది.

కడుపు కింద చిన్న గుండె టకటకా కొట్టుకోవడం తెలుస్తూంటే, ఝిలి దాన్ని ఎత్తుకుని గదిలోకి వచ్చేసింది. లిపికి ఇది చెప్పకూడదనుకుంది. చెబితే, చూశావా నేను చెప్పానా అంటుంది. ఈ ఊరి గద్దల గురించి కటక్ పిల్ల చెప్పడం, అది నిజం కావడం.

అసలు చిక్కు రెండు గంటలప్పుడు వచ్చింది. ఝిలి చెరువుకి వెళ్లాలి. తన గుడ్డలు ఉతుక్కోవాలి, తలస్నానం చేయాలి. మెట్ల మీద ఎవరూ ఉండని వేళ అదొక్కటే, మళ్లీ మూడు దాటితే గేదెలూ మనుషులూ వస్తారు. పిల్లిపిల్లని ఎక్కడ పెట్టాలి? ఇంటికి తాళం. పిడకల గది తలుపు కింది పలక వానలకి పుచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊడిపోయింది. గంట కిందటే అది ఆ సందులోంచి రెండుసార్లు బయటికి దూరింది. పిడకలు అడ్డం పెడితే తోసేసింది. ఎత్తుకుపోతే చెరువుగట్టు కుక్కలు. గద్ద ఇంకా మునగచెట్టు మీదే ఉంది.

వసారాలో గోడ పక్కన బోన్లు ఉన్నాయి. ముప్పై బోన్లు, ఐదేసి చొప్పున ఆరు దొంతరలు. వెదురు పుల్లలతో అల్లిన పెట్టెలు. పక్కనుంచి రొయ్య లోపలికి పోయే దారి ఉంటుంది, పుల్లల మొనలు లోపలికి వంచి ఉంటాయి కాబట్టి పోయింది మళ్లీ రాలేదు. పైన, పట్టిన రొయ్యల్ని తీసుకోవడానికి చిన్న మూత. గాలి ఆడుతుంది, వెలుతురు పడుతుంది, గద్ద ముక్కు దూరదు, కుక్క పన్ను దిగదు. పిల్లిపిల్లని దాచడానికి దేవుడు చేసినట్టే ఉంది బోను.

ముట్టకూడదు.

ఝిలి చాలాసేపు వాటి ముందు నిలబడింది. అన్నయ్య, అతని భాగస్థుడు దండపాణి మామ ఐదు గంటలకి గానీ బోన్లు తీసుకుపోవడానికి రారు. ఈలోపు తాను వచ్చేస్తుంది, పిల్లిని తీసేస్తుంది. ఎవరికి తెలుస్తుంది? ఎల్లుండి పోయేదాన్ని ఇంత జాగ్రత్తగా కాపాడినట్టు కూడా ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనతోనే చేయి ముందుకు పోయింది. మూలనున్న దొంతర మీది బోను దించి, మూత విప్పి, పిల్లిపిల్లని లోపల పెట్టింది. మూతకి కట్టే పురికొస నాని కుళ్లిపోయి చేతిలో తెగింది. చుట్టుపక్కల ఏదీ కనిపించక, జడకున్న ఎర్ర రిబ్బను విప్పి దాంతో కట్టింది.

లోపల అది అరుస్తూనే ఉంది. దానికేం కావాలో ఝిలికి తెలుసు. పిడకల వెనక ఉంది. గులాబీ చున్నీ అందులో వేస్తే క్షణంలో పడుకుంటుంది. ఝిలి గదిలోకి వెళ్లి, చున్నీని చేతిలోకి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టేసింది. తన పాత లంగా గుడ్డ, గోనెపట్టా రంగులోకి దిగిపోయినది, రిబ్బను విప్పి అది వేసింది. కావాలంటే దీని మీద పడుకో, లేకపోతే మానెయ్ అనుకుంది. ముడి వేసి బోనుని మళ్లీ ఎప్పటిలా దొంతర మీద పెట్టింది.

చెరువులో నీళ్లు వెచ్చగా ఉన్నాయి. ఝిలి గుడ్డలు ఉతికింది, తల రుద్దుకుంది, పని అయిపోయాక కూడా మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చుండిపోయింది. ఇప్పుడు వాళ్లు గుడి మెట్ల మీద కూర్చుని అటుకులు తింటూ ఉంటారు. లిపి ఏదో చెబుతుంది, అందరూ నవ్వుతారు. ఒకే ఇంటి పిల్లలు, ఒకే ముక్కు, రెండు నెలల తేడా. ఒకతె నోరు తెరిస్తే చాలు, ఊళ్లో ఉన్నవన్నీ ఆమె దగ్గరికి నడిచి వస్తాయి. పిల్లి కూడా. నీళ్లలో తన మొహం చూసుకుని ఝిలి నవ్వి చూసింది. సొట్ట పడలేదు.

ఎంతసేపు అలా కూర్చుందో గాలి మారాక తెలిసింది. పడమటి గాలి. తడి గుడ్డలు పిండుకుని, జుట్టు విరబోసుకుని ఇంటికి వచ్చేసరికి వసారా వెడల్పుగా కనిపించింది. ఎందుకో అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. గోడ పక్కన బోన్లు లేవు. నేల మీద ఆరు దొంతరల తడి మచ్చలు, విరిగిన పుల్ల ఒకటి. గాలి లేచింది కాబట్టి తొందరగా నీళ్లలో పాతి వద్దామని అన్నయ్యా వాళ్లూ ముందే వచ్చేశారు. తొందరలో రిబ్బను ముడిని గానీ, గోనె రంగు గుడ్డ కింద నిద్రపోతున్నదాన్ని గానీ ఎవరూ చూసి ఉండరు. గులాబీరంగు అయి ఉంటే గుడ్డివాడికి కూడా కనిపించేది.

ఝిలి రేవు వైపు పరుగెత్తింది. గుడ్డలు ఎక్కడ పడేసిందో తెలియదు. ఊరి మధ్యలోంచి తలస్నానం చేసిన జుట్టుతో పరుగెత్తడం, ఈ మూడు రోజుల్లో, తలచుకుంటేనే చచ్చిపోవాలనిపించే పని. ఎవరో ఏదో అన్నారు. వినలేదు. గట్టు చివర, పడవ తాకేంత దగ్గరికి పోకుండా, కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి.

పడవలో బోన్లు గుట్టగా పేర్చి ఉన్నాయి. అన్నయ్య వెదురుగడతో పడవని నెడుతున్నాడు. దండపాణి మామ వెనక ఇంజను తాడు పట్టుకుని ఎవరితోనో సరసాలాడుతున్నాడు. రేవులో పదిమంది దాకా ఉన్నారు. వాళ్లకి ఆవల, నీళ్ల మీద, గుడినుంచి తిరిగొస్తున్న పెద్ద పడవ. ముందుభాగంలో పసుపుపచ్చ గౌను. లిపి చేయి ఊపుతోంది, ఎవరికో.

అప్పుడు ఝిలికి ఒక ఆలోచన వచ్చింది. అది ఎక్కడినుంచి వచ్చిందో తరవాత ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. మాట్లాడకపోతే చాలు. పడవ పోతుంది. బోన్లు నీళ్లలో దిగుతాయి. తలుపు సందులోంచి పోయింది, గద్ద తన్నుకుపోయింది అంటే చాలు. ఎవరూ బోను మాట ఎత్తరు. ఎల్లుండి లిపి ఖాళీ చేతులతో బస్సెక్కుతుంది. ఆ సొట్ట పడదు. తనకి లేనిది దానికీ ఉండదు.

ఇంజను ఒకసారి దగ్గి ఆగింది. దండపాణి మామ తాడు మళ్లీ చుడుతున్నాడు.

నానిన గుడ్డ వత్తి నోట్లో పెట్టుకుని, రెండు ముందుకాళ్లతో తన బొటనవేలు పట్టుకుని, కళ్లు మూసుకుని చీకిన మొదటి రోజు ఝిలికి కనిపించింది. అప్పుడు అది ఎవరిదీ కాదు. దానికి ఆకలేసింది, అంతే.

"అన్నయ్యా," అంది. గొంతు రాలేదు. ఇంకోసారి అంది. మూడోసారి రేవంతా తిరిగి చూసింది.

"అన్నయ్యా, ఆపు. బోనులో పిల్లి ఉంది."

బల్లభ గడ నీళ్లలో గుచ్చి పడవని నిలిపాడు. పిల్లేమిటన్నాడు. దండపాణి మామ పెద్దగా నవ్వి, "రొయ్య వాసనకి దూరి ఉంటుందిలే. ఈసారి మీ పడవలో పిల్లులు పడతాయిరా, కిలో ఎంతో కనుక్కో," అన్నాడు. రేవులో అందరూ నవ్వారు.

తప్పించుకోవడానికి అదే దారి. దూరి ఉంటుంది. దూరే బోనే కదా అది. ఝిలి అవునంటే అయిపోతుంది. కాని వాళ్లు వెతుకుతున్నారు, ఒక్కొక్క బోనూ ఎత్తి దులిపి చూస్తున్నారు, విసురుగా, చేపలవాళ్ల చేతులతో. అడుగున పడవలో జానెడు నీళ్లు ఊరి ఉన్నాయి. అడుగు బోన్లు ఆ నీళ్లలో ఉన్నాయి.

"దులపొద్దు. ఎర్ర రిబ్బను కట్టింది చూడు," అంది. "నేనే పెట్టాను."

నవ్వులు ఆగిపోయాయి. పొద్దున పడవలో ఝిలి ఎందుకు ఎక్కలేదో ఆ రేవులో ఆడవాళ్లందరికీ తెలుసు. వాళ్ల మొహాలు చూసి మగవాళ్లకీ తెలిసిపోయింది. బల్లభ చేతిలో ఉన్న బోను అలాగే ఉండిపోయింది. దండపాణి మామ వంగి, అడుగు వరసలోంచి రిబ్బను కట్టిన బోను లాగాడు. సగం తడిసి ఉంది. ముడి విప్పి చేయి పెట్టి తీశాడు. అరచేతిలో పట్టేంత తెల్లటి ప్రాణం. తోకనుంచి నీళ్లు కారుతున్నాయి. నోరు తెరిచింది గానీ అరుపు రాలేదు. బతికి ఉంది.

అప్పటికి పెద్ద పడవ రేవుకి తగిలింది. ఝిలి రెండు చేతులూ చాపింది. ఆమెకి ముట్టు, దండపాణి మామ ఎక్కడ తగులుతుందోనని వెనక్కి జరిగాడు. ఆ వెనక్కి జరిగిన ఒక్క అడుగులో లిపి నీళ్లలోకి దూకి వచ్చి, పిల్లిపిల్లని అందుకుని, గౌను లోపల గుండెకి హత్తుకుంది. అది లిపి మెడకింద మొహం దూర్చుకుంది. అప్పుడు అరిచింది. లిపి ఏడుపు మొదలుపెట్టింది. పిన్ని లిపి తల నిమిరింది, అమ్మ లిపి వీపు నిమిరింది, ఎవరో ముసలామె ఏడవకు తల్లీ, దానికేం కాలేదంది. ఝిలి చాపిన చేతులు దించుకుంది.

ఆ సాయంత్రం వేట లేదు. బల్లభ ముప్పై బోన్లూ వెనక్కి మోసుకొచ్చి పెరట్లో పడేశాడు. అమ్మ పసుపు కలిపింది. నాన్న ఝిలి వైపు చూడకుండా, "పోయే పిల్లి కోసం ఇంటి వేట పోగొట్టింది," అని గోడకి చెప్పినట్టు చెప్పాడు. జేజేమా కోప్పడలేదు. అదే భయం. పిడకల గది ముందు నిలబడి, చీపురుతో నీళ్లు చిలకరించి, ఈసారి మూడు రోజులు కాదు, ఏడు అని చెప్పింది.

ఝిలి గడప లోపల నిలబడి ఉంది. జుట్టునుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. రేవులో ఒకసారి గొంతు వచ్చాక, అది ఇంకా పూర్తిగా పోయినట్టు లేదు.

"జేజేమా, అది నాది," అంది. "వలల కింద నాకు దొరికింది. నేనే పాలు పట్టాను. కటక్ పంపొద్దు."

జేజేమా ఆమెని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఈ పిల్ల ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. "నీదా?" అంది. తరవాత, "సరే. ఏడు రోజులు కానీ. స్నానం చేసి బయటికి వచ్చాక మాట్లాడదాం," అని లోపలికి పోతూ, ఆ తలుపు వేసి రమ్మని లిపికి చెప్పింది.

ఎల్లుండి బస్సు.

లిపి తలుపు దగ్గరికి వచ్చింది. పిల్లిపిల్లని తువ్వాలులో చుట్టి ఎత్తుకుంది. ఆమె చేతిలో ఇంకొకటి కూడా ఉంది, గోనె రంగు లంగా గుడ్డ, బోనులోంచి తీసింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. అలా ఉన్నా బాగానే ఉంది.

"నా చున్నీ ఎందుకు వేయలేదు?" అంది.

ఝిలి పిడకల వెనక నుంచి చున్నీ తీసి, ఇద్దరి మధ్యా గడప మీద పెట్టింది. లిపి దాన్ని చూసింది, ఝిలిని చూసింది. అర్థమైంది.

"నీదని ఒక్కసారైనా అన్నావా? పది రోజులు ఒకే చాప మీద పడుకున్నాం. ఒక్కసారి?"

"దాని పేరు చూనా," అంది ఝిలి.

లిపి వంగి, వేళ్ల చివర్లతో చున్నీ అందుకుంది. తువ్వాలు తీసేసి పిల్లిపిల్లని అందులో చుట్టింది. అది చెవులు కదిపి, ముక్కు ఆ గుడ్డలో దూర్చి, గుర్రుమనడం మొదలుపెట్టింది. ఝిలి ఆ గుర్రు ఆగుతుందేమోనని, ఒక్కసారి తలతిప్పి చూస్తుందేమోనని చూస్తూ నిలబడింది. అది కళ్లు మూసుకుంది.

లిపి ఇంకేదో అనబోయి మానేసి, తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టింది.